బాటవైపు కూసాలు

“...గుండ్రంగా ఉంటే ఏమి, పలకగా ఉంటే ఏమి బావా? లోతుగా పాతితే సాలు, భూమే పట్టుకుంటాది.”

“లోతు, లోతు అని నోటితో అంటే గుంత పడదప్పా. ఒకటిన్నర అడుగు దిగితే రాయి మాదిరి గరుసునేల. నీ బెంగుళూరు పైపులకు ఆ గరుసులో గుంత నువ్వు తవ్వుతావా?”

పంపుషెడ్డు లోపల నారాయణప్ప, అతని బావమరిది వెంకటేశులు వాదించుకుంటున్నారు. బయట గోడ నీడలో గొంతుక్కూర్చున్న ఓబుళేసుకు ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది. రమ్మని కబురు పెట్టింది నారాయణప్పే. పోయిన సంవత్సరం కూలిపోయిన పై తోటలో ద్రాక్ష పందిరి మళ్ళీ వెయ్యాలి. ఎప్పటిలాగే రాతి కూసాలు నిలబెడదామంటాడు నారాయణప్ప. రాయి పాతకాలపుదనీ, సిమెంటు పైపులు తెప్పిద్దామనీ వెంకటేశులు అంటాడు.

“ఇరిగిందా రాయి? ఒక్కటన్నా ఇరిగిందా సెప్పు. వానకు కూలింది. ఆ పొద్దు మా తాత వచ్చి పట్టుకునింటే గూడా కూలిండేది.”

“మీ తాత పట్టుకునింటే ఇంకా జల్దీ కూలిండేదిలే.”

నారాయణప్ప నవ్వుతూ బయటికి వచ్చాడు. “ఏమప్పా ఓబుళేసూ, పాతేటోనివి నువ్వు సెప్పు. గుండ్రం మేలా, పలక మేలా?”

“ఏదైనా గుంత తవ్వేది నేనే కదన్నా,” అన్నాడు ఓబుళేసు.

ఇద్దరూ నవ్వారు. అతను నవ్వాడో లేదో ఎవరూ చూడలేదు. పై తోట పని ఉగాది తర్వాత చూద్దామనీ, సోమవారం నుంచి కింది తోటలో కోత మొదలవుతుందనీ, గుంపును తెమ్మని మారెక్కకు చెప్పమనీ నారాయణప్ప చెప్పాడు. ఓబుళేసు తలాడించి లేచాడు. మారెక్క అతని కూతురు. చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో కోతకు పన్నెండుమంది ఆడవాళ్ళను పిలుచుకొని వచ్చేది ఆమే. అంతకు ముందు ఆ గుంపు ఓబుళేసు భార్య నల్లమ్మది.

ఓబుళేసుకు అప్పటికి యాభై దాటాయి. చిలమత్తూరుకు నాలుగు మైళ్ళ దూరంలో, గుట్ట కింద ఉన్న వడ్డెపాళ్యం వాళ్ళది. ఆ గుట్టమీది బండ ఎక్కడ ఎట్లా చీలుతుందో వాళ్ళ చేతులకు తెలుసు. చీలలు వరసగా దిగ్గొట్టి సమ్మెట పెట్టి కొడితే, పదడుగుల పొడుగున, అడుగు వెడల్పున, అయిదంగుళాల మందాన రాయి పలకగా విడిపోతుంది. దానిని కూసం అంటారు. చేను చుట్టూ కంచెకూ, కొట్టానికీ, ఇప్పుడు ద్రాక్ష పందిళ్ళకూ ఈ కూసాలే. రాళ్ళు కొట్టేవాళ్ళు పాళ్యంలో ఇరవైమంది ఉన్నా, పాతడానికి మాత్రం అందరూ ఓబుళేసునే పిలిచేవాళ్ళు. అతను పాతిన కూసాల వరసకు దారం పట్టి చూస్తే వేలెడు వంకర కూడా ఉండేది కాదు.

ఆ పని అతనికి తండ్రి ముత్యాలప్ప నేర్పించాడు. ముత్యాలప్ప వానలు చూసిన మనిషి. చెరువు కట్టల మీదా తూముల దగ్గరా పనిచేసినవాడు. కంచె మూలకూసం పాతేటప్పుడు, తీగ లాగే దిక్కున, కూసానికి ఆనించి ఒక చిన్న బండను నేలలో అడ్డంగా పూడ్చేవాడు. గుంత అడుగున, దానికి ఎదురు పక్కన ఇంకొకటి. “మొకానికొకటి, మడమకొకటి,” అనేవాడు. తీగ పైన లాగితే రాయి తల ముందుకు పోతుంది, కాలు వెనక్కి తన్నుతుంది. ముందు పోయేచోట ఒక బండ, వెనక తన్నేచోట ఒక బండ ఉంటే రాయి కదలదు. ఓబుళేసుకు అది చిన్నప్పుడే తెలుసు. తెలిసినా, తండ్రి పోయాక మానేశాడు. గరుసులో ఒక మనిషి పట్టేంత వెడల్పు గుంత తవ్వాలంటే ఒక్కొక్క కూసానికి సగం దినం పట్టేది. మంచి బండలను తీసుకుపోయి మట్టిలో పూడ్చిపెడుతుంటే తోటల వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. పైగా వానలు లేవు. నాలుగేళ్ళు, అయిదేళ్ళు, పేరుకు నాలుగు చినుకులు తప్ప నేల తడిసింది లేదు. ఎండిన ఎర్రనేల కాల్చిన ఇటుకలాంటిది. అందులో ఏది పాతినా నిలబడుతుంది. కర్ర పాతినా నిలబడుతుంది. కూసం ఏ వైపు తిప్పి పాతినా నిలబడుతుంది.

నారాయణప్ప పై తోట పందిరి వేసింది డెబ్బై ఎనిమిదిలో. మూడు పక్కలా కూసాలకు బయటివైపు నుంచి లాగుడు తీగలు కట్టి బండలకు బిగించారు. నాలుగో పక్క తోటను ఆనుకొని బండ్ల బాట ఉంది. లాగుడు తీగలు కడితే బండ్లు పోవు. అందువల్ల ఆ పక్క ఇరవై రెండు కూసాలూ ఏ ఆధారం లేకుండా తోట తీగలన్నిటి లాగుడునూ మొయ్యాల్సి వచ్చింది. ఓబుళేసు మొదట వాటిని పలక ముఖం తోటవైపు తిప్పి పాతాడు. మరతో తీగలు బిగిస్తుంటే మూడు రాళ్ళు నడుం దగ్గర పటుక్కున విరిగాయి. అయిదంగుళాల మందమే కదా, లాగుడుకు ఆగలేదు. “ఏం పనిరా ఇది?” అన్నాడు నారాయణప్ప. ఆ మాట తప్ప ఇంకేమీ అనలేదు. ఓబుళేసు మిగిలిన రాళ్ళన్నీ పెరికి, పక్కకు తిప్పి, అంచు తోటవైపు ఉండేట్టు పాతాడు. అట్లా పాతితే లాగే దిక్కున రాయికి అడుగు మందం వస్తుంది. ఒక్కటీ విరగలేదు. మూడేళ్ళ తర్వాత కింది తోటలో కూడా బాటవైపు ఇరవై రెండు కూసాలూ అట్లాగే పాతాడు. అడ్డబండలు వెయ్యలేదు.

ఎనభై మూడు ఏప్రిల్‌లో, కోత నడుస్తుండగా, రెండు రాత్రులు ఆగకుండా వాన పడింది. ఆ ప్రాంతంలో అప్పుడు పడాల్సిన వాన కాదు. తడిసిన పండు పగులుతుంది, తెల్లారేసరికి కోసెయ్యాలని నారాయణప్ప తొందరపెట్టాడు. నల్లమ్మ గుంపును తీసుకొని పై తోటకు వెళ్ళింది. పొద్దెక్కాక, నీళ్ళకు బరువెక్కిన ఆకూ, కాయా, తీగలూ అన్నీ కలిసి బాటవైపు కూసాలను లోపలికి లాగేశాయి. ఒకటి తర్వాత ఒకటి కాదు, వరస మొత్తం వంగింది. నడిమి కూసాలు ఆపినంతమేరా పందిరి కింద సందు మిగిలింది. నల్లమ్మ తప్ప అందరూ పాకుతూ బయటికి వచ్చారు. నల్లమ్మ బాటవైపు చివర ఉండింది. నాలుగో కూసం ఆమె మీద పడింది.

ఓబుళేసు గుట్టమీద నుంచి పరిగెత్తి వచ్చేసరికి ఆరుగురు కలిసి రాయిని లేపుతున్నారు. అతనూ ఒక చెయ్యి వేశాడు. నల్లమ్మను అవతలికి తీసి పడుకోబెట్టారు. అందరూ ఆమె చుట్టూ చేరారు. ఓబుళేసు మాత్రం కూసం నిలబడిన చోటే ఉండిపోయాడు. అక్కడ నేలలో ఒక చీలిక ఉంది. సంగటి ముద్దను కత్తితో కోస్తే ఎట్లా ఉంటుందో అట్లా, రాతి అంచు అంత సన్నంగా, మూరెడు పొడుగున, నున్నగా. అతను వంగి ఆ చీలికలో చెయ్యి పెట్టాడు. మోచేతిదాకా దిగింది. ఎవరో పిలుస్తున్నారు. అతను చెయ్యి బయటికి తీసి, పక్కన ఉన్న మట్టిని కాలితో లోపలికి తోసి, మడమతో తొక్కాడు. తర్వాత అయిదో కూసం దగ్గరికి వెళ్ళి అట్లాగే తొక్కాడు. ఆరోదాని దగ్గరా అంతే. ఇరవై రెండూ పూడ్చాకే నల్లమ్మ దగ్గరికి వచ్చాడు. మతి పోయిందనుకున్నారు అందరూ. పాపమన్నారు.

వాన సంపిందన్నారు. కరువుసీమలో వాన వచ్చి మనిషిని సంపడమేందని చాలా దినాలు చెప్పుకున్నారు. ఓబుళేసు ఔననలేదు, కాదనలేదు. పెద్దదినం కర్మ అయిన మరుసటి పొద్దే గుట్టకు పోయి చీలలు కొట్టాడు. ఆ సంవత్సరమంతా అట్లాగే గడిచింది. మారెక్క పెట్టింది తినేవాడు. ఉప్పు ఎక్కువైనా, అసలు వెయ్యకపోయినా తెలిసేది కాదు. ఒకసారి ఉలి బొటనవేలిమీద పడి గోరు ఊడితే, రక్తం రాతిమీద పడ్డాక చూసుకున్నాడు. నల్లమ్మ చీరలు మారెక్క పంచిపెడుతుంటే ఎవరో బట్టలు అమ్ముతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఏడవలేదని పాళ్యంలో ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. అతనికీ అది తెలుసు. ఏడవాలని ఉండి ఏడవలేకపోవడం కాదు. ఏమీ లేదు.

నారాయణప్ప మాట తీసుకొని ఇంటికి వచ్చాడు ఓబుళేసు. మారెక్క చేట ముందర కూర్చొని రాగులు ఏరుతోంది. మొగుడు బెంగుళూరులో కాంక్రీటు పనికి పోయి నెలకొకసారి వస్తాడు. మిగతా దినాలు ఆమె ఇక్కడే.

“సోమవారం కింది తోటలో కోతంట,” అన్నాడు.

“తెలుసు. మా గుంపులో నారాయణమ్మత్త చెప్పింది.” చేట చెరిగి, “తిప్పమ్మ రానంటాంది. పందిట్లోకి పోవాలంటే భయమంట. అది పై తోట, ఇది కింది తోట, దీని కూసాలు గట్టిగానే ఉండాయి, పాతింది మా నాయనే అని చెప్పినా,” అంది.

ఓబుళేసు కుండలో నీళ్ళు ముంచుకొని తాగాడు. సగం నోట్లో పోయాయి, సగం గడ్డం మీదుగా కారాయి.

ఆదివారం పని లేదు. మధ్యాహ్నం అతను పాళ్యం బావి దగ్గరికి వెళ్ళాడు. తొట్టి నుంచి నీళ్ళు పొర్లి పక్కన ఎప్పుడూ బురదగా ఉండే చోటు ఒకటి ఉంది. చేటంత బండముక్కలు రెండు, ఒకే పొడుగు, ఒకే వెడల్పువి తెచ్చాడు. విరిగిన రోకలి ముక్క కూడా ఒకటి తెచ్చాడు. మూడింటినీ బురదలో జానెడు లోతున వరసగా పాతాడు. ఒక బండకు అంచు ముందుకు పెట్టాడు. రెండోదానికి పలక ముందుకు పెట్టాడు. మూడోది గుండ్రని రోకలి. ఒక్కొక్కదాని తలకూ తాడు కట్టి, తాడును తొట్టి అంచు మీదుగా అవతలికి వేసి, చివర చెంబు వేలాడదీసి, అందులో గులకరాళ్ళు ఒకటొకటిగా వేశాడు.

చెంబు సగం నిండకముందే అంచు పెట్టిన బండ బురదను కోసుకుంటూ ముందుకు వాలింది. వెనక చీలిక మిగిలింది. రోకలి ఇంకొంచెం ఆగింది. తర్వాత బురద దానికి రెండు పక్కలా జారి దారి ఇచ్చింది, జనం మధ్యలో నుంచి మనిషి పోయినట్టు. పలక ముందుకు పెట్టిన బండ ముందర మాత్రం బురద కుప్పగా లేచింది. ఎంత లేచినా అది ఆ కుప్పనంతటినీ తోస్తే తప్ప కదలలేదు. చెంబు నిండింది. బండ నిలబడే ఉంది.

అతను అంచు బండను మళ్ళీ నిలబెట్టాడు. ఈసారి దాని ముందర ఒక పెంకు అడ్డంగా పూడ్చాడు. అడుగున, వెనకవైపు ఇంకొక పెంకు. చెంబు నింపాడు. కదలలేదు. పెంకులు తీసేశాడు. వాలింది. మళ్ళీ పెట్టాడు. నిలబడింది. మళ్ళీ తీశాడు.

“ఏం నాయనా, ఆడుకుంటాండావా?”

బిందె చంకన పెట్టుకొని మారెక్క నిలబడి ఉంది.

“ఊరికే.”

“ముసిలోళ్ళకు బురద మీద మనసు పోతాదంట. ఇంకేమి, రేపు బొమ్మరిల్లు కట్టు.” ఆమె నవ్వింది. తల్లి పోయాక ఆమె అట్లా నవ్వడం అతను చూడలేదు. నోరు తెరిచాడు. మారెక్క బిందె ముంచుకొని, తలమీదికి ఎత్తమని అతనివైపు తిరిగింది. అతను ఎత్తాడు. ఆమె వెళ్ళిపోయింది.

సాయంత్రానికి పడమర మబ్బు పట్టింది. పెద్ద వానేమీ కాదు, ఒక పదును వాన. విత్తనానికి చాలేంత. పాళ్యంలో అందరూ వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. ఓబుళేసు లోపలే గోడకు ఆనుకొని, చూరు నుంచి పడే నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాడు.

తెల్లవారుతూనే గడ్డపార భుజాన వేసుకొని కింది తోటకు వెళ్ళాడు. బాటవైపు వరస మొదటి కూసం దగ్గర కూర్చొని చూశాడు. రాయికీ మట్టికీ మధ్య, బాటవైపున, వేలు పట్టేంత సందు. రెండోదానికీ ఉంది. తొమ్మిదోదానికి రెండు వేళ్ళు పట్టాయి. కళ్ళకు వరస నిటారుగానే ఉన్నట్టు ఉంది. దారం పట్టి చూస్తే తప్ప తెలియదు. పైన గుత్తులు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి, పసుపు తిరిగి.

కోతవాళ్ళు వచ్చారు. మారెక్క ముందు, వెనక నారాయణమ్మ, తిప్పమ్మ, మిగిలినవాళ్ళు, కత్తెరలు కొంగుకు కట్టుకొని, గంపలు నెత్తిన పెట్టుకొని. రానన్న తిప్పమ్మను మారెక్కే ఎట్లాగో ఒప్పించి తెచ్చింది. నారాయణప్ప, వెంకటేశులు మోటారుసైకిలు మీద వచ్చారు. మధ్యాహ్నానికి బెంగుళూరు లారీ వస్తుంది.

“తడిసింది, లారీ వచ్చేలోపల బిన్నా కోయండమ్మా,” అన్నాడు నారాయణప్ప. “ముందు బాటవైపు నుంచి పట్టుకోండి.”

“పోవద్దండి,” అన్నాడు ఓబుళేసు.

అతను పెద్దగా అనలేదు. అయినా అందరూ ఆగారు. అతను మాట్లాడటమే వాళ్ళకు వింత.

“ఏమప్పా?”

“ఈ కూసాలు వాలుతాండాయి అన్నా. సందు పడింది. చెయ్యి పెట్టి చూడు.”

వెంకటేశులు వంగి చూశాడు. “ఇదా? వేలు పట్టేంత. దీనికేనా?”

“పై తోటలో గూడా ఇట్లనే వాలింటాయి. ఎవరూ చూడలేదు, అంతే.” ఓబుళేసు గడ్డపారను నేలకు ఆనించి నిలబడ్డాడు. ఎవరివైపూ చూడకుండా, ఎవరో చెప్పమని పంపితే చెబుతున్నట్టు చెప్పాడు. “రాళ్ళు ఇరుగుతాండాయని నేను పక్కకు తిప్పి పాతినా. అంచు ముందుకు వస్తే రాయి ఇరగదు గానీ తడిసిన నేలను కత్తి మాదిరి కోస్తాది. మా నాయన అట్ల పాతితే ముందరొకటి, అడుగునొకటి అడ్డబండ పూడ్చేవాడు. నేను పూడ్చలేదు. గుంత పెద్దది తవ్వాలని పూడ్చలేదు. వానలు రావులే అనుకున్యా. ఆ పొద్దు నేలలో చీలికలు ఉండాయి. కాలితో పూడ్చినా. నల్లమ్మను సంపింది వాన కాదు.”

నారాయణమ్మ నెత్తిమీది గంప దించింది. మారెక్క కదలలేదు. ఆమె చూపు అతని కాళ్ళమీద ఉంది, మడమల దగ్గర.

నారాయణప్ప ముందుకు వచ్చాడు. “ఇప్పుడేమంటావు?”

“ఒక్కొక్కదానికి ముందరా అడుగునా తవ్వి బండలు పూడుస్తా. దినానికి రెండు. పదకొండు దినాలు పడతాది.”

“పదకొండు దినాలు పండు నిలబడ్తాదా, పిచ్చోడా?” అన్నాడు వెంకటేశులు. “బావా, వాడు పెండ్లాం పోయినప్పటినుంచీ ఇట్లనే ఉండాడు. నిన్న బావికాడ బురదలో బొమ్మలాట ఆడుతా ఉండెనంట, పాళ్యమంతా చెప్పుకుంటాండారు. ఇది పదును వాన. ఆ పొద్దు పడింది రెండు రాత్రుల వాన. ఎండ వస్తే మధ్యాన్నానికి నేల ఆరిపోతాది.”

అది అబద్ధం కాదు. ఎండ వస్తే ఆరుతుంది. ఓబుళేసు ఆకాశంవైపు చూశాడు. పడమర మళ్ళీ మబ్బు ఉంది, నిన్నటిదే, లేదా ఇంకొకటి.

నారాయణప్ప తొమ్మిదో కూసం దగ్గరికి పోయి రెండు వేళ్ళు పెట్టి చూశాడు. వేళ్ళు బయటికి తీసి మట్టి తుడుచుకున్నాడు. గుత్తులవైపు ఒకసారి చూశాడు. “లారీకి సగమన్నా కోయాల,” అన్నాడు మెల్లగా. “నడిమి నుంచి కోస్తే... బాటవైపు పోకుండా, నడిమి నుంచి కోస్తే ఏమీ కాదు. ఏమంటావు మారెక్కా?”

ఆడవాళ్ళు మారెక్కవైపు చూశారు. మారెక్క కొంగుకు కట్టుకున్న కత్తెర విప్పింది. దానిని గంపలో వేసింది. తండ్రివైపు చూడలేదు.

“మేము పందిట్లోకి పోము. ఆ బండలన్నీ పూడ్చినాక కబురు పెట్టండి,” అంది.